రాతకు సరళీస్వరాలు అక్కర్లేదా?

కిందటి ఉగాదికి మన సంఘం సభలో మూడు పుస్తకాలు ఆవిష్కరించారు. పంచాంగ శ్రవణం అయింది, పిల్లల కూచిపూడి అయింది, భోజనాలకి వరస కట్టేముందు మిగిలిన పావుగంటలో మూడు పుస్తకాలకీ రిబ్బన్లు విప్పారు. మూడింటి గురించీ మాట్లాడిన పెద్దమనిషి ఒకరే. మూడూ తెలుగు సాహిత్యానికి మణిపూసలేనన్నారు. కవితల పుస్తకాన్ని ఎత్తి పట్టుకుని, ఇందులో కథలు కంటతడి పెట్టిస్తాయన్నారు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అసలు ఎవరూ వినలేదు. పులిహోర వాసన అప్పటికే లోపలికి వచ్చేసింది.

ఆ ముగ్గురు రచయితల మీద నాకు కోపం లేదు. పగలంతా ఉద్యోగాలు చేసి, రాత్రిళ్ళు నిద్ర మానుకుని రాశారు. నా కోపం మన మీద. చదవకుండా మెచ్చుకున్నవారి మీద, వినకుండా చప్పట్లు కొట్టినవారి మీద. ఆ చప్పట్లు కొట్టిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి. ఒక మనిషి రెండేళ్ళు కూర్చుని రాసినదాన్ని తెరిచి చూడకుండా పొగడటం మర్యాద అనుకుంటున్నాం. అది మర్యాద కాదు, నిర్లక్ష్యం. శాలువా కప్పి చేసే నిర్లక్ష్యం.

ఈ మాట అనడానికి నువ్వెవరని అడగవచ్చు. మూడేళ్ళ కిందట అదే వేదిక మీద, అదే రంగు రిబ్బను నా పుస్తకానికీ కట్టారు. అందుకని ముందు నా సంగతే చెబుతాను.

నా పుస్తకం మా నాన్న గురించి. ఆయన ఆర్టీసీలో కండక్టరు. గుడివాడ చుట్టుపక్కల రూట్లలో ముప్ఫై ఏళ్ళు చేశారు. నాలుగేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు నేనిక్కడ ఐ.సి.యు. డ్యూటీలో ఉన్నాను. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ ప్రయాణం ఎలా ఉంటుందో మనలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. తిరిగి వచ్చాక నైట్ డ్యూటీల మధ్య నాలుగు నెలల్లో నూట అరవై పేజీలు రాశాను. ఒక్కసారి రాశాను. రెండోసారి చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం బద్ధకం.

విజయవాడలో ఐదువందల కాపీలు వేయించాను. ముందుమాట అడిగిన రెండు వారాలకే వచ్చింది. నా శైలి మా ఊరి గోదావరిలా పరవళ్ళు తొక్కిందని అందులో ఉంది. మాది కృష్ణా జిల్లా. కనీసం నది పేరైనా సరిచూసుకోవలసింది. నేనూ సరిచూడలేదు, అలాగే అచ్చయింది. ఆవిష్కరణ రోజు డెబ్భై కాపీలు పోయాయి. అందులో సగం నేను చేతుల్లో పెట్టినవే. తర్వాత ఆరునెలల పాటు ఎవరు కనిపించినా "మీ పుస్తకం చాలా బాగుందండీ" అన్నారు. ఏ పేజీ బాగుందో ఒక్కరూ చెప్పలేదు. ఒకాయన మాత్రం అట్ట చాలా బాగుందన్నారు. ఆయన నిజాయితీపరుడు.

అసలు సంగతి చెప్పింది మా మేనత్త. ఆవిడ చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. కానీ వారపత్రికల సీరియళ్ళు, అద్దె పుస్తకాల షాపులో నవలలు నలభై ఏళ్ళు చదివిన మనిషి. ఫోను చేస్తే అంది:

"అంతా చదివానే. రెండుసార్లు చదివా."

"ఎలా ఉందత్తా?"

కాసేపు మాట్లాడలేదు. "బాగానే రాశావులే. కానీ ఇందులో మా అన్నయ్యేడే?"

నాకర్థం కాలేదు. తొంభై ఆరో పేజీ తియ్యమంది. నేను మొదటిసారి అమెరికాకి బయల్దేరే ఘట్టం అది. నా పుస్తకంలో మా నాన్న వాకిట్లో నిలబడి, మాతృభూమి గురించీ, ఎంత ఎదిగినా మూలాలు మరవకపోవడం గురించీ పన్నెండు పంక్తులు మాట్లాడతాడు.

"ఆ రోజు నేనక్కడే ఉన్నాగదే, పచ్చడి డబ్బా పట్టుకుని. మా అన్నయ్య ఇదంతా ఎప్పుడన్నాడు? నువ్వు కారెక్కావు. డిక్కీ మీద రెండుసార్లు కొట్టి 'రైట్' అన్నాడు. అంతే. లోపలికెళ్ళి పడుకున్నాడు. సాయంత్రం దాకా అన్నం తినలేదు. అది మానేసి ఈ ఉపన్యాసం ఎవరిదే?"

ఫోను పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను. ఆ 'రైట్' నేను మరిచిపోయిందేం కాదు. రాసేటప్పుడు కూడా గుర్తుంది. మరీ మామూలుగా ఉంది, పుస్తకంలోకి పనికిరాదని వదిలేశాను. పుస్తకంలో తండ్రి అంటే కాస్త గొప్పగా మాట్లాడాలనుకున్నాను. బస్సు ఆపాలంటే 'హోల్డాన్', కదలాలంటే 'రైట్ రైట్', అందరూ గుమ్మంలో నిలబడితే 'ముందుకు జరగండి'. ఆయన జీవితమంతా ఆ మూడు మాటల్లో ఉంది. వాటిల్లో ఒకటి నాకిచ్చి పంపించారు. నేను దాన్ని పారేసి, ఎక్కడో చదివిన పన్నెండు పంక్తులు ఆయన నోట్లో పెట్టాను.

నా పిల్లలకి తాత సరిగ్గా తెలియదు. రేపు పెద్దవాళ్ళయ్యాక ఆయన్ని వెతుక్కునే చోటు ఆ పుస్తకం ఒక్కటే. అక్కడ ఆయన లేరు. ఎవరో ఉపన్యాసకుడున్నాడు.

"రాయడం రాకుండా పుస్తకం వేస్తే ఎవరికమ్మా నష్టం? నీ డబ్బు నీది, నీ గరాజు నీది" అని అడిగేవారికి ఇదే నా జవాబు. ఇక్కడ కూర్చుని మనం రాసేది చాలావరకు మన వెనక మిగిలిపోయినవారి గురించి. అమ్మమ్మ, ఊరి చెరువు, పాఠం చెప్పిన మేష్టారు, మొదటిసారి ఇక్కడ దిగినప్పటి చలి. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వచ్చి మన తప్పు దిద్దరు. మనం తప్పుగా రాస్తే ఆ తప్పే వాళ్ళ పేరు మీద మిగిలిపోతుంది.

సరే, నేర్చుకోవాలన్న సంగతి మనకు తెలియదా? తెలుసు. అదే విచిత్రం. శనివారం పొద్దున్నే పిల్లల్ని కార్లో ఎక్కించి నలభై మైళ్ళు తీసుకెళ్ళి సంగీతం నేర్పిస్తున్నాం. మాయామాళవగౌళలో సరళీస్వరాలు, తర్వాత జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, వర్ణం. అవన్నీ అయ్యాకగాని కృతి దగ్గరికి రానివ్వరు. ఏ తండ్రీ వెళ్ళి, "మా అమ్మాయికి ఉత్సాహం ఉందండీ, సరళీస్వరాలు దాటేసి వచ్చేనెల కచేరీ పెట్టించండి" అని అడగడు. అడిగితే టీచరుగారు తలుపు చూపిస్తారు. అదే తండ్రి తన మొదటి రాత ప్రతిని సరాసరి అచ్చుకి పంపిస్తాడు. ఎందుకని? మాట్లాడటం వచ్చు కాబట్టి రాయడం వచ్చేసినట్టే అనుకుంటాడు. గొంతున్న ప్రతివాడికీ పాట వచ్చినట్టేనా?

నాబోటి వైద్యుల మాట మరీ సిగ్గుచేటు. అక్కడ ఎం.బి.బి.ఎస్. చేసి, ఇక్కడికొచ్చి మళ్ళీ పరీక్షలు రాసి, మూడేళ్ళు రెసిడెన్సీ చేశాను. ఆ మూడేళ్ళూ నేను రాసిన ప్రతి నోటూ పైనున్న అటెండింగ్ చూసి సంతకం పెట్టాల్సిందే. నా మొదటి అడ్మిషన్ నోటు చాలా పొడుగ్గా, చాలా పాండిత్యంతో రాశాను. ఆవిడ నా పక్కన కూర్చుని మొత్తం చదివి, "అన్నీ ఉన్నాయి. పేషెంటెక్కడ?" అన్నారు. పదేళ్ళ తర్వాత మా అత్త అడిగిందీ ఆ ప్రశ్నే. ఆసుపత్రిలో నేర్చుకున్న పాఠాన్ని కోటుతో పాటు అక్కడే తగిలించి వచ్చి రాసుకున్నాను పుస్తకం.

మొదటి పుస్తకం ఎవరికైనా ఇంతేనేమో అని నన్ను నేను ఓదార్చుకోబోయి, మనముంటున్న ఈ న్యూజెర్సీలోనే పుట్టి పెరిగిన ఒక డాక్టరు కథ చదివాను. విలియం కార్లోస్ విలియమ్స్ గారిది రూథర్‌ఫర్డ్. మన ఎడిసన్ నుంచి గంటలోపు ప్రయాణం. ఆ ఊళ్ళోనే జీవితమంతా పిల్లల వైద్యం చేస్తూ, పురుళ్ళు పోస్తూ, దొరికిన ప్రిస్క్రిప్షన్ కాగితాల మీద కవితలు రాసుకున్నాడు. 1909లో మొదటి కవితల పుస్తకం ఊళ్ళోని ప్రెస్సులోనే వేయించాడు. మనలాగే. అమ్ముడైనవి నాలుగు కాపీలు. అయితే ఆయనకో అదృష్టం ఉంది. లండన్‌లో ఉన్న స్నేహితుడు ఎజ్రా పౌండ్‌కి ఒక కాపీ పంపితే, ఇందులో కొత్తదేమీ లేదు, గొప్పదేమీ లేదు అని మొహమాటం లేకుండా జవాబు రాసి, ఏమేం చదవాలో కూడా చెప్పాడు. విలియమ్స్ గారు ఆ స్నేహితుణ్ణి వదులుకోలేదు. వదులుకున్నది ఆ పుస్తకాన్ని. దాన్ని మళ్ళీ అచ్చు వెయ్యనివ్వలేదు. రెండో పుస్తకం 1913లో లండన్‌లో, అదే పౌండ్ సాయంతో వచ్చింది. ఇవాళ అమెరికన్ కవిత్వంలో ఆయన పేరు లేకుండా ఏ పాఠ్యపుస్తకమూ లేదు. అదే పౌండ్ "మణిపూస" అని రాసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మరో డాక్టరు చెహోవ్. 1884లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు. ఇల్లు గడవడానికి హాస్యపత్రికలకి వారం వారం చిన్న కథలు గిలికేవాడు. 1886లో గ్రిగోరోవిచ్ అనే పెద్ద రచయిత తనంతట తనే ఉత్తరం రాసి, నీకు నిజమైన ప్రతిభ ఉంది, ఈ తొందర రాతలు మాను అని చెప్పాడు. చెహోవ్ రాసిన జవాబు మన ఆవిష్కరణ సభల్లో చదివించవలసింది. ఇంతవరకూ ఏ కథ మీదా ఒక రోజుకి మించి గడిపినట్టు గుర్తులేదని ఒప్పుకున్నాడు. ఉత్తరం రాసిన పెద్దమనిషి పొగిడాడు, నిజమే. చదివి పొగిడాడు. పొగిడిన ఉత్తరంలోనే తప్పు చూపించాడు.

ఇప్పుడు మీ అభ్యంతరాలు. ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పగానే ముగ్గురు మిత్రులు మూడు రకాలుగా అడ్డుపడ్డారు.

మొదటివారు: "తెలుగులో రాసేవాళ్ళే తగ్గిపోతున్నారు. ఉన్న నలుగుర్నీ మీరు బెదరగొడతారా?" ఇది నేను తేలిగ్గా తీసుకోను. ఈ దేశంలో పుట్టిన మన పిల్లలు తెలుగు చదవడం ఎంత కష్టమో నా ఇంట్లోనే చూస్తున్నాను. కానీ అందుకే అంటున్నాను. ఆ పిల్లల్లో ఒకరు ఎలాగో కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకుని, మొదటిసారి ఒక తెలుగు పుస్తకం తెరిచారనుకోండి. అందులో నా పన్నెండు పంక్తుల ఉపన్యాసం ఎదురైతే రెండో పుస్తకం తెరుస్తారా? తక్కువమంది చదివే భాషలో చెడ్డ పుస్తకం చేసే హాని ఎక్కువ. ఇంగ్లీషుకి వెయ్యి చెత్త పుస్తకాలు వచ్చినా ఏమీ కాదు, మనకి అంత ఓపిక లేదు. పైగా ప్రోత్సాహం అంటే అబద్ధం చెప్పడం కాదు. పిల్ల అరమండి సరిగ్గా కూర్చోకపోతే నాట్యం టీచరు మోకాలి మీద తట్టి చెబుతుంది. అది ప్రోత్సాహమే.

రెండోవారు: "మనం వృత్తి రచయితలం కాదు. ఇన్నిసార్లు తిరగరాయడానికి టైమేదీ?" తిరగరాయడానికి టైము లేనివారికి ఇతరుల టైము అడిగే హక్కెక్కడిది? డాక్టర్ కేశవరెడ్డి గారు నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేస్తూ నవలలు రాశారు. ఆయన "అతడు అడవిని జయించాడు" చూడండి. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన ముసలాయన, ఒక్క రాత్రి. అంతే కథ. అందులో పుస్తకం బరువు పెంచడానికి పెట్టిన పేజీ నాకు కనబడలేదు. ఆయనకి మనకంటే తీరిక ఎక్కువని ఎవరైనా అనగలరా?

మూడోవారు: "ఎవరి తృప్తి కోసం వాళ్ళు రాసుకుంటారు, మీకెందుకు?" తృప్తి కోసం రాసుకున్నది సొరుగులో ఉంటుంది. దానికి నేను అడ్డు రాను. రెండువందల మందిని పిలిచి, మైకు పెట్టి, వెల వేసి అమ్మేది తృప్తి కోసం కాదు.

మరి ఏం చెయ్యాలి? రాతకి సరళీస్వరాలు ఉన్నాయి. నేను పెద్ద రచయిత్రిని కాను. ఈ మూడేళ్ళలో నా పుస్తకాన్ని మళ్ళీ రాసుకుంటూ దెబ్బలు తిని నేర్చుకున్నవి మాత్రం చెబుతాను.

ఒకటి. ఎవరి మాట వారిదిగానే రాయండి. మా వృత్తిలో ఒక నియమం ఉంది. రోగి వచ్చిన కారణాన్ని రోగి మాటల్లోనే రాయాలి. "గుండెల మీద ఏనుగు కూర్చున్నట్టుంది" అంటే అదే రాయాలి. జబ్బు పేరు తర్వాత. మొదట్లోనే మన పేరు తగిలిస్తే మనిషి మాయమైపోతాడు. మీ నాన్నగారు, మీ పాలేరు, మీ పక్కింటి పిన్నిగారు ఎలా మాట్లాడేవారో ముందు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఒక్కొక్కరివీ ఇరవై మాటలు. అవి లేకుండా వాళ్ళ గురించి మొదలుపెట్టకండి. మనుషులు మాట్లాడే భాష పుస్తకాల్లోకి రావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు 1910ల నుంచీ పోరాడారు. ఆయన గెలిచిన నూరేళ్ళకి నేను న్యూజెర్సీలో కూర్చుని కండక్టరు చేత ఉపన్యాసం ఇప్పించాను.

రెండు. చూసింది చెప్పండి, మీ అభిప్రాయం కాదు. చార్టులో "పాపం, దయనీయంగా ఊపిరి పీలుస్తున్నాడు" అని రాస్తే ఉద్యోగం పోతుంది. "నిమిషానికి 28 సార్లు, మాట మధ్యలో ఆగుతోంది" అని రాస్తాం. చదివిన డాక్టరు పరిగెత్తుకొస్తాడు. కథలో కూడా అంతే. "దుఃఖసాగరంలో మునిగిపోయాడు" అంటే పాఠకుడు కదలడు. "సాయంత్రం దాకా అన్నం తినలేదు" అంటే కదులుతాడు. మా అత్తకి ఎవరూ నేర్పకుండానే ఇది తెలుసు. హృదయవిదారకం, కన్నీటి కెరటాలు, జ్ఞాపకాల దొంతరలు ఇవన్నీ పడికట్టు మాటలు. నిన్నటి నోటుని ఇవాళ్టి తేదీ వేసి మళ్ళీ అంటించే రెసిడెంట్లు ఉంటారు. పడికట్టు మాట కూడా ఆ పనే. అది ఇవాళ్టి రోగిది కాదు.

మూడు. తెలుగు తొడుగు వేసుకున్న ఇంగ్లీషుని కనిపెట్టండి. పగలు పది గంటలు ఇంగ్లీషులో బతుకుతాం, రాత్రి కూర్చుంటే వాక్యం దానంతట అదే ఆ దారిన పోతుంది. "ఆయన ఒక మంచి హృదయాన్ని కలిగి ఉన్న ఒక మనిషి" అని నా పుస్తకంలో నిజంగానే ఉంది. ఆయన మనసు మంచిది అంటే సరిపోయేది. "ఆ ఉత్తరం నాచేత చదవబడింది" అని కూడా ఉంది. ఆ ఉత్తరం చదివాను. పెన్సిలు తీసుకుని మీ రాతలో 'ఒక', 'యొక్క', 'బడు', 'కలిగి' ఎక్కడున్నా సున్న చుట్టండి. పదిటిలో ఎనిమిది అనవసరంగా వచ్చినవే. నా మొదటి అధ్యాయంలో 'ఒక' ఒక్కటే నూట పద్నాలుగు సార్లుంది. లెక్కపెట్టిన రోజు నిద్ర పట్టలేదు.

నాలుగు. పైకి చదవండి. మన భాషలో క్రియ వాక్యం చివర ఉంటుంది. వచ్చి, చూసి, కూర్చుని, తలవంచుకుని అంటూ పోతే అసలు పని ఏమిటో తెలియడానికి పాఠకుడు ఊపిరి బిగబట్టుకోవాలి. కంటికి ఆ సంగతి తెలియదు, నాలుకకి తెలుస్తుంది. ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం విరగ్గొట్టండి. ఎక్కడ మీకే సిగ్గేస్తే అక్కడ కొట్టెయ్యండి.

ఐదు. పక్కన పెట్టి మళ్ళీ రాయండి. కామాలు దిద్దడం కాదు, మళ్ళీ రాయడం. మనకి దీనికంటే గొప్ప ఉదాహరణ ఎక్కడా లేదు. గురజాడ అప్పారావు గారి "కన్యాశుల్కం" 1892లో రంగం మీద ఆడింది, 1897లో అచ్చయింది. పేరొచ్చింది, మెచ్చుకున్నారు. ఆయన అక్కడితో ఆగవచ్చు. ఆగలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఇవాళ మనమెరిగిన మధురవాణి ఆ రెండో కూర్పు మధురవాణే. పన్నెండేళ్ళు! మొదటి కూర్పుతో తృప్తిపడి ఉంటే మనం ఇవాళ చెప్పుకునే నాటకమే మనకి లేదు. గురజాడకే రెండోసారి అవసరమైతే మనకి అక్కర్లేదా?

ఆరు. రాసేదానికంటే చదివేది ఎక్కువుండాలి. కుటుంబరావు గారి కథ ఒకటి తీసుకుని, మొదటి వాక్యానికే ఎంత సంగతి చెప్పేశారో చూడండి. శ్రీపాద వారి "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" తీసుకుని, సొంత కథ చెబుతూ కూడా పక్కమనిషిని ఎలా కనబడనిచ్చారో చూడండి. తర్వాత మీ కాగితాలు తియ్యండి. మొదటి రెండు పేజీలు గొంతు సవరించుకోవడమే అని మీకే తెలుస్తుంది. అసలు కథ మూడో పేజీలో మొదలవుతుంది.

ముందుమాటల గురించి ఒక్క మాట. శ్రీశ్రీ "మహాప్రస్థానం" 1950లో పుస్తకంగా వచ్చినప్పుడు చలంగారి ముందుమాట పేరు "యోగ్యతాపత్రం". ఆ కవిత్వం చదివి, తడిసి రాసిన మనిషి ఆయన. మనవాళ్ళు అప్పటినుంచీ ముందుమాట అంటే యోగ్యతాపత్రం అనుకుంటున్నారు. చదవడం మాత్రం మర్చిపోయారు.

ఇంతా చెప్పి ఊరుకుంటే ఇది కూడా ఉపన్యాసమే అవుతుంది. కార్యవర్గానికి నా ప్రతిపాదన ఇది. వచ్చే ఏడాది పాటు మన వేదిక మీద పుస్తకావిష్కరణలు ఆపేద్దాం. దాని బదులు నెలకోసారి, మొదటి శనివారం, లైబ్రరీలో గది తీసుకుందాం. అచ్చు కాని రాత ఒకటి, ఇరవై నిమిషాలు, రచయిత పైకి చదవాలి. తర్వాత అరగంట రచయిత నోరు విప్పకూడదు. విన్నవాళ్ళు మూడే చెప్పాలి. ఎక్కడ మనిషి కనిపించాడు, ఎక్కడ మాయమయ్యాడు, ఎక్కడ మనసు పక్కకి పోయింది. "చాలా బాగుందండీ" అన్నవారు ఆ రోజు అందరికీ కాఫీ కొనాలి.

ఇది నా సొంత తెలివి కాదు. ఆసుపత్రుల్లో తప్పుల మీద ఇలాంటి సమావేశాలు మామూలే. బాస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్మన్ అనే సర్జన్ వందేళ్ళ కిందటే, ప్రతి రోగికీ చివరికి ఏమైందో చూసి తప్పులు బయటికి చెప్పాలని పట్టుబట్టాడు. పైవాళ్ళు ఒప్పుకోకపోతే తానే చిన్న ఆసుపత్రి నడిపి, 1911 నుంచి 1916 దాకా ఇళ్ళకి పంపిన 337 మంది రోగుల లెక్కలో తన తప్పులు 123 అని అచ్చువేసి పంచాడు. తోటివాళ్ళు వెలివేసినంత పని చేశారు. ఇవాళ మేమందరం నడుస్తున్నది ఆయన వేసిన దారిలోనే. ప్రాణాలు చేతిలో ఉన్నవాడు తన తప్పుల పట్టిక అచ్చువేయగలిగితే, కథ రాసుకునే మనకి ఒక పేజీ తప్పని ఒప్పుకోవడం అంత కష్టమా?

మొదటి శనివారం ఎవరూ ముందుకు రారని తెలుసు. నేనే చదువుతాను. తొంభై ఆరో పేజీ ఉన్న అధ్యాయమే. పదకొండు పేజీలుండేది, ఇప్పుడు నాలుగయింది. పన్నెండు పంక్తుల ఉపన్యాసం పోయింది. డిక్కీ మీద రెండు దెబ్బలు, 'రైట్' వచ్చాయి. మా అత్తకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "డబ్బాలో ఆవకాయ అని రాశావు. అది మాగాయ. మార్చు" అంది. మార్చాను.

గరాజులో మూడువందల పైచిలుకు పాత కాపీలు ఇంకా ఉన్నాయి. ఆ రోజు వచ్చినవారికి తలా ఒకటి ఇస్తాను, ఒక పెన్సిలుతో సహా. సున్నలు చుట్టి తిరిగి తెచ్చివ్వండి.